కోవిడ్ తగ్గినా వదలని నీరసం: ఇది ఎంతమందికి ఉంది, ఎవరికి ఎక్కువ?

విశాఖ ఉపాధ్యాయిని:
2021 మే నెలలో నాకు కోవిడ్ సోకింది. ఆక్సిజన్ అవసరం రాలేదు. ఇంట్లోనే ఒక గదిలో ఉండి కోలుకున్నాను. కానీ ఆ తరువాత ఏడాదిన్నర పాటు రెండంతస్తుల మెట్లెక్కితే గుండెదడ వచ్చేది, పాఠం చెబుతుండగా బాగా తెలిసిన మాట కూడా నోటికి అందేది కాదు. పరీక్షలన్నీ మామూలుగా ఉండడంతో, తేలికగా పోయిన కోవిడ్‌కు ఇంత బాధ ఉండదనీ, ఇదంతా ఆందోళన వల్లనేననీ ఒక వైద్యుడు తేల్చేశారు. అప్పుడు నాకు 44 ఏళ్లు. నాలాంటివారు ఇంకెవరైనా ఉన్నారా?

ప్రజారోగ్య విద్యార్థి, హైదరాబాద్:
టీచరు గారూ, కోవిడ్ మొదలైన మూడు నెలల తరువాత కూడా ఉండి, కనీసం రెండు నెలలు కొనసాగుతూ, మరో జబ్బుతో వివరించలేని లక్షణాలను లాంగ్ కోవిడ్‌గా, అంటే మీరు చెప్పే ఈ స్థితిగా, పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. 22 దేశాలకు చెందిన సుమారు 12 లక్షల మంది సమాచారంతో 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మూడు నెలలు గడిచాక నూటికి ఆరుగురిలో తీవ్రమైన అలసట, ఆయాసం, మతిమరుపు వంటి లక్షణాలు మిగిలాయి. ఇరవై ఏళ్లు దాటిన స్త్రీలలో ఇది 10.6 శాతం కాగా, పురుషులలో 5.4 శాతమే. ఐసీయూలో ఉన్నవారిలో 43 శాతం దాకా, ఇంట్లోనే కోలుకున్నవారిలో 6 శాతం లోపు ఉన్నా, ఇంట్లో కోలుకున్నవారి సంఖ్యే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక బాధితులలో అత్యధికులు వారే. మీ వైద్యుడు గమనించనిది ఇదే.

కరీంనగర్ వాసి:
మా నాన్నగారు 12 రోజులు ఐసీయూలో ఉన్నారు, షుగరు కూడా ఉంది. ఎనిమిది నెలల దాకా స్నానానికి వెళ్లి వస్తే కూర్చోవలసి వచ్చేది. ఆయన బాధను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

సంరక్షణ గృహ ఉద్యోగిని, లీసెస్టర్:
అక్కా, ఇక్కడ బ్రిటన్‌లో 2023 మార్చి నాటికి సుమారు 19 లక్షల మంది తమకు ఈ బాధ ఉందని స్వయంగా చెప్పారు. 35 నుంచి 69 ఏళ్ల మధ్యవారిలో, స్త్రీలలో, పేద ప్రాంతాల్లో, మాలాగా వృద్ధుల సంరక్షణలో పనిచేసేవారిలో ఎక్కువగా కనిపించింది. ఓపిక ఉన్న రోజున పనులన్నీ ఒకేసారి చేసుకుంటే ఆ తరువాత రెండు రోజులు మంచం దిగలేకపోయేదాన్ని. అందుకే పనిని ముక్కలుగా విడగొట్టుకోవడం నేర్చుకున్నాను, అదే నన్ను తిరిగి ఉద్యోగంలో నిలబెట్టింది.

విశాఖ ఉపాధ్యాయిని:
అప్పటికి నేను టీకా వేయించుకోలేదు. దానివల్ల తేడా ఉంటుందా?

ప్రజారోగ్య విద్యార్థి, హైదరాబాద్:
ఉంటుందండీ. టీకా ముప్పును పూర్తిగా తొలగించదు కానీ తగ్గిస్తుంది. మీకు సోకిన సమయంలో మన దేశంలో డెల్టా రకం కరోనా వైరస్ ఉద్ధృతంగా ఉంది. బ్రిటన్ పరిశీలనలో డెల్టా తరువాత 10.8 శాతం మందికి, ఆపై వచ్చిన ఒమిక్రాన్ రకం తరువాత 4.5 శాతం మందికి నాలుగు వారాలు దాటినా లక్షణాలు మిగిలాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు మాత్రం మరోసారి చేయించండి, ఎందుకంటే రక్తహీనత కూడా ఇలాగే నీరసాన్ని తెస్తుంది.