పోకెమాన్ రెడ్: లొరెలై దగ్గరే ఆగిపోయాను, చారిజార్డ్‌ను ఇంకెంత పెంచాలి?

కాటుక_గ్లూమ్:
ఎనిమిది బ్యాడ్జ్‌లూ వచ్చాయి, విక్టరీ రోడ్ కూడా దాటేశాను. తీరా ఎలైట్ ఫోర్‌లో (ఆట చివర వరసగా ఓడించాల్సిన నలుగురు ట్రైనర్లు: లొరెలై, బ్రూనో, అగాథా, లాన్స్) మొదటావిడ లొరెలై నన్ను కదలనివ్వట్లేదు. నా టీమ్ (పక్కన ఉన్నవి లెవెల్‌లు): చారిజార్డ్ 58, పిజాట్ 41, డగ్‌ట్రియో 39, స్నార్లాక్స్ 35, లాప్రాస్ 26 (సర్ఫ్, అంటే నీళ్ల మీద వెళ్లడం కోసం పెట్టుకున్నది), గ్లూమ్ 24 (చెట్లు కొట్టడానికి). మొదటి నుంచీ పోరాటమంతా చారిజార్డ్‌దే అని మీకు అర్థమయ్యే ఉంటుంది.

క్లోయిస్టర్ దాకా ఎలాగో లాగుతున్నాను. తర్వాత స్లోబ్రో వచ్చి ఆమ్నీషియా వేసుకుంటుంది. ఇక నా ఫ్లేమ్‌త్రోయర్ దానికి చక్కిలిగింతే. జింక్స్ ఐస్ పంచ్ అయితే మరీ ఘోరం. నిప్పు పోకెమాన్‌కి మంచు దెబ్బ అంతలా ఎందుకు తగులుతోంది? లెవెల్ 70 దాకా పెంచితే సరిపోతుందా? మిస్సింగ్‌నో గ్లిచ్‌తో (ఆటలోని లోపంతో) లెవెల్ పెంచే రేర్ క్యాండీలు కుప్పలుగా చేసుకోమని మాత్రం చెప్పకండి, అలా గెలవడం నాకిష్టం లేదు.

లెవెల్_వంద:
70 చెయ్యండి బ్రో, అదే తేలిక. విక్టరీ రోడ్‌లో తిరుగుతూ ఉంటే అదే వస్తుంది. నేనెప్పుడూ అంతే. బోర్ కొడుతుంది, అయినా పని జరుగుతుంది.

బూడిదరంగు_గేమ్‌బాయ్:
70 చేస్తే లొరెలై మీద గెలవచ్చేమో. కానీ ఆఖరున మీ రైవల్ దగ్గర లెవెల్ 65 బ్లాస్టాయిస్ ఉంటుంది, అక్కడ మళ్లీ ఇదే పాట. ఒక్క పోకెమాన్ మీద ఆటంతా నడపడం నాకు మొదటి నుంచీ నచ్చదు. అది ఆడినట్టు కాదు, మోసినట్టు.

ముందు మీ ప్రశ్న. నిప్పు మీద మంచు సగమే పనిచేస్తుందన్న లెక్క 1999లో గోల్డ్, సిల్వర్ ఆటలతో వచ్చింది. మీరు ఆడుతున్నది జపాన్‌లో 1996లో మొదలైన తరం, ఇందులో ఆ తగ్గింపు లేదు. పైగా చారిజార్డ్‌కి రెక్కలున్నాయి, ఫ్లయింగ్ టైప్ మీద మంచు రెట్టింపు. అంటే మీరు ధీమాగా నిలబెట్టిన వీరుడే ఆ గదిలో అందరికంటే మెత్తన. నీళ్ల దెబ్బ కూడా దానికి రెట్టింపేనని మళ్లీ చెప్పక్కర్లేదు.

స్లోబ్రో సంగతి. ఈ తరంలో స్పెషల్ అనేది ఒకటే అంకె. దాడికీ అదే, కాపుకీ అదే. ఆమ్నీషియా ఒక్కసారి వేస్తే రెండూ ఒకేసారి రెండు మెట్లు పెరుగుతాయి. ఫ్లేమ్‌త్రోయర్ స్పెషల్ లెక్కలోకి వస్తుంది కాబట్టి ఇక దాని పని అయిపోయినట్టే. అసలు స్లోబ్రో నీటి టైప్, దాని మీద నిప్పు ఎందుకు? మీ చారిజార్డ్ స్లాష్ మర్చిపోకుండా ఉంటే అది వాడండి. ఈ తరంలో క్రిటికల్ (మామూలుకు దాదాపు రెట్టింపు దెబ్బ) పడే అవకాశం ఆ జాతి బేస్ స్పీడ్‌ని బట్టి ఉంటుంది. చారిజార్డ్‌ది 100. స్లాష్ లాంటి మూవ్‌కి అది ఎనిమిది రెట్లవుతుంది, అంటే 256కి 255 సార్లు క్రిటికలే. క్రిటికల్ పడితే అవతలివాళ్లు పెంచుకున్న డిఫెన్స్ కూడా లెక్కలోకి రాదు. అన్నట్టు, డైర్ హిట్ కొనకండి. బగ్ వల్ల అది క్రిటికల్ అవకాశాన్ని పెంచాల్సింది పోయి తగ్గిస్తుంది.

ఇప్పుడు టీమ్. మీకు లేనిది కరెంటు. లొరెలై అయిదింటిలో జింక్స్ తప్ప నాలుగూ నీటివే. రాక్ టన్నెల్ పక్క నుంచి సర్ఫ్ చేసుకుంటూ పవర్ ప్లాంట్‌కి వెళ్లండి. అక్కడ కరెంటు టైప్ జాప్డోస్ లెవెల్ 50లో తయారుగా కూర్చుని ఉంటుంది. దారిలో నేల మీద వస్తువుల్లా కనిపించేవన్నీ వస్తువులు కావు, కొన్ని వోల్టార్బ్ పోకెమాన్‌లు, చూసుకోండి. లెఫ్టినెంట్ సర్జ్ ఇచ్చిన థండర్‌బోల్ట్ టీఎం (మూవ్ నేర్పే వస్తువు) ఇంకా వాడకుండా పీసీలో పడి ఉంటే అది జాప్డోస్‌కే. దేన్నైనా తప్పకుండా పట్టే మాస్టర్ బాల్‌ని మ్యూటూ కోసం దాచుకున్నారేమో. నన్నడిగితే జాప్డోస్ మీద వేసేయండి. మ్యూటూ ఉన్న గుహ తెరుచుకునేది ఛాంపియన్ అయ్యాకే. అప్పుడు దాన్ని పట్టి ఎవరితో యుద్ధం చేస్తారు?

రెండోది, సర్ఫ్‌కే పరిమితం చేసిన ఆ లాప్రాస్. 38కి వస్తే తనంతట తనే ఐస్ బీమ్ నేర్చుకుంటుంది. లాన్స్ డ్రాగన్ల గదిలో మీకు దిక్కు అదే. డ్రాగనైట్‌కి మంచు నాలుగింతలు తగులుతుంది. గ్యారడోస్‌కి మామూలుగానే తగులుతుంది, దాన్ని జాప్డోస్‌కి వదిలేయండి, కరెంటు దానికి నాలుగింతలు.

డగ్‌ట్రియోని 47కి తెస్తే ఎర్త్‌క్వేక్ వస్తుంది. అగాథా గెంగార్లు దెయ్యాలే కాదు, విషం టైప్ కూడా. ఈ తరంలో వాటికి గాల్లో తేలే వరం లేదు, భూమి దెబ్బ గట్టిగానే తగులుతుంది. బ్రూనో గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆయన రెండు ఓనిక్స్‌లూ సర్ఫ్‌కి ఆగవు.

కాటుక_గ్లూమ్:
థండర్‌బోల్ట్ ఉంది! స్లాష్ కూడా ఉంది. జాప్డోస్‌కి వెళ్తున్నా. కానీ అన్నా, లాప్రాస్ 38లో ఉంటే లాన్స్ డ్రాగనైట్ 62 కదా, మంచు వేసేలోపే దాన్ని లేపేయదా? హైపర్ బీమ్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. గ్లూమ్‌ని బాక్స్‌లో పెట్టేయనా?

అడవిలో_అబ్రా:
ఆగండాగండి, గ్లూమ్‌ని తీయకండి! ఈ చర్చలో అసలైన హీరో అదే.

లాన్స్ లాంటి పెద్ద ట్రైనర్లకు ఆట ఒక సూత్రం పెట్టింది: ఎదుటి టైప్ మీద గట్టిగా పనిచేసే టైప్ మూవ్ ఉంటే దాన్నే ఎంచుకో. ఆ మూవ్ దెబ్బ కొడుతుందా లేదా అన్నది మాత్రం చూడదు. గ్లూమ్ గడ్డీ విషం టైప్. విషం మీద సైకిక్ పైచేయి. డ్రాగనైట్ దగ్గరున్న అజిలిటీ, బారియర్ రెండూ సైకిక్ టైప్ మూవ్‌లే, కానీ ఒకటి వేగం పెంచుకోడానికి, ఇంకొకటి డిఫెన్స్ పెంచుకోడానికి. దాంతో గ్లూమ్ ఎదురుగా ఉన్నంతసేపూ అది హైపర్ బీమ్ జోలికి పోకుండా ఆ రెండే తిప్పి తిప్పి వేసుకుంటుంది. ఆ తీరికలో మీరు పడిపోయినవాళ్లను రివైవ్‌తో లేపుకోవచ్చు, లాప్రాస్ హెచ్‌పీ (ప్రాణం) నింపుకోవచ్చు. లెవెల్ 24 అయినా పర్వాలేదు. డ్రాగనేర్‌లకు కూడా అజిలిటీ ఉంది, వాటి మీదా ఇదే ఎత్తు.

బూడిదరంగు_గేమ్‌బాయ్:
నిజమే, చెప్పడం మర్చిపోయారు: ఇది రెడ్, బ్లూలకే. ఎల్లో వెర్షన్‌లో లాన్స్ డ్రాగనైట్‌కి బ్లిజర్డ్, ఫైర్ బ్లాస్ట్, థండర్ ఇచ్చారు. అక్కడ గ్లూమ్‌ని నిలబెడితే బలి ఇచ్చినట్టే.

నాకు మాత్రం ఈ ఎత్తు మనసుకు పట్టదు. ఎదుటివాడి తెలివి తక్కువతనం మీద గెలిచినట్టుంటుంది. రివైవ్‌ల వరకు వాడుకోండి, ఆఖరి దెబ్బ ఐస్ బీమ్‌తోనే కొట్టండి. ఒక్కటి గుర్తుంచుకోండి: డ్రాగనైట్ అజిలిటీ వేసుకున్నాక లాప్రాస్ దానికంటే ముందు కదలడం కల్ల. కాబట్టి మొదటి దెబ్బ తట్టుకునేంత హెచ్‌పీ ఉండాలి. 38 సరిపోదు, 45 దాటించండి.

అడవిలో_అబ్రా:
మిస్సింగ్‌నో వద్దన్నారు సరే, ట్రైనర్ వెర్రితనం కూడా వాడుకోకూడదా 😄 అది ఆటలోనే ఉన్నది కదా.

కాటుక_గ్లూమ్:
గ్లూమ్‌తోనే వెళ్తాను, నా పేరు చూశారుగా. ఇంకొక్కటి: ఒక్కో గదికి మధ్య సేవ్ చేయొచ్చా? ఓడిపోతే మళ్లీ లొరెలై నుంచేనా?

బూడిదరంగు_గేమ్‌బాయ్:
చేయొచ్చు. ఓడిపోతే మాత్రం బయటికి వచ్చేస్తారు, సగం డబ్బు పోతుంది, మళ్లీ లొరెలై నుంచే. అందుకని లాన్స్‌తో మాట్లాడే ముందు సేవ్ చేసి, పరిస్థితి చెయ్యిదాటుతుంటే ఆపేసి మళ్లీ పెట్టుకోండి, వాడిన మందులు కూడా వెనక్కి వస్తాయి. ఫుల్ హీల్‌లు ఎక్కువే కొనండి. ఈ తరంలో గడ్డకట్టిన పోకెమాన్ తనంతట తను కరగదు, ముఖ్యంగా లొరెలై దగ్గర అవసరం పడతాయి.