రథసప్తమి మంచు విహారం: పెద్దవాళ్ళతో బాన్ఫ్ ప్రయాణం, ఎవరికి ఏ పని

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. ఇక్కడ తెల్లవారి ఆరున్నర, మీకు కెనడాలోని కాల్గరీలో నిన్నటి సాయంత్రం ఆరు.

ఈసారి రథసప్తమి జనవరి 25, ఆదివారం వచ్చింది. మనలో సగం మంది అరసవల్లి చుట్టుపక్కల వాళ్ళం, మిగతావాళ్ళు విజయనగరం, బొబ్బిలి వైపు. ఆ రోజు కాల్గరీలో మన హాల్లో కూర్చుని భోజనం చేసి ఇంటికి పోవడం నాకు మనసొప్పడం లేదు. ఈ శీతాకాలం మన ఇళ్ళకి అమ్మానాన్నలు, అత్తమామలు కలిపి పదకొండు మంది వస్తున్నారు. ఈ వారంలో తొమ్మిది మందిని వెళ్ళి కలిశాను. అందరూ అడిగింది ఒక్కటే, "మంచులో నడవొచ్చా బాబూ?" అని.

పోయినేడాది మా అమ్మ మూడు నెలలు ఉండి, మంచుని కిటికీ అద్దంలోంచే చూసి వచ్చేసింది. ఇక్కడ ఎవరైనా అడిగితే "చూశానమ్మా, తెల్లగా ఉంటాది" అని ఊరుకుంటుంది. అది వింటే నాకు కష్టంగా ఉంటుంది. నాన్న చెవికి అలా అయ్యాక భయపడి అమ్మని బయటికి రానివ్వనిది నేనే.

కొత్తగా చేరిన వాలంటీర్ల కోసం ఆ సంగతి చెప్తాను. పోయినేడాది విహారంలో బస్సు చెప్పిన చోటికి రాలేదు. ఎదురుగాలిలో ఇరవై ఐదు నిమిషాలు నిలబడ్డాం. మాటలు వినబడవని నాన్న ఉన్ని టోపీని చెవుల పైకి మడుచుకున్నారు. నేను చూసేసరికి ఎడమ చెవి కొన కొవ్వొత్తి మైనంలా తెల్లబడి ఉంది. నొప్పిగా ఉందా అంటే "ఏమీ తెలీట్లేదు" అన్నారు. అలా తెలియకుండా పోవడమే ప్రమాదం. ఒకరు మంచుతో రుద్దమన్నారు, ఇంకొకరు అరచేత్తో రాపిడి పెట్టబోయారు. రెండూ తప్పే. చలికి బిగిసిన చర్మాన్ని రుద్దితే లోపల ఇంకా దెబ్బతింటుంది. టెక్కలి అన్న గ్లౌజు తీసి, వట్టి అరచేతిని చెవి మీద కప్పి కదపకుండా ఉంచాడు. కాసేపటికి ఎరుపు తిరిగింది, మంట మొదలైంది. తర్వాత పైపొర ఊడి, అక్కడితో పోయింది. ఆ మంట మొదలైనప్పుడు నాన్న కళ్ళలో నీళ్ళు చూశాను.

అందుకే ఈసారి ప్లాను పిల్లల సరదాని బట్టి కాకుండా, బస్సులో అందరికంటే పెద్దవాళ్ళ ఓపికని బట్టి వేద్దాం. నేను అనుకున్నది ఇది.

పొద్దున్న హాల్లోనే మొదలు. అక్కడ జనవరి చివర్లో ఎనిమిది దాటాక గానీ సూర్యుడు రాడు. రాగానే హాలు వెనక మైదానంలో పది నిమిషాలు నిలబడి దండం పెట్టుకుని, లోపలికొచ్చి పరమాన్నం తిని తొమ్మిదిన్నరకి బయలుదేరదాం. కొండల్లోని బాన్ఫ్ ఊరు 130 కిలోమీటర్లు, అక్కడి నుంచి లేక్ లూయీస్ సరస్సు మరో గంట లోపు. ఆ సరస్సు 1,700 మీటర్ల పైన ఉంటుంది, చుట్టూ కొండలు. శీతాకాలం సూర్యుడు కిందుగా తిరుగుతాడు కాబట్టి ఒడ్డున నీడ తొందరగా పడుతుంది. అందుకే దండం కాల్గరీలోనే పెట్టుకుందామంటున్నాను. సరస్సు దగ్గర బయట ఇరవై నిమిషాలు, లోపల ఇరవై నిమిషాలు, మళ్ళీ బయట ఇరవై. అంతకు మించి ఎవరూ వద్దు.

విండ్ చిల్, అంటే గాలితో కలిసి ఒంటికి తెలిసే చలి, మైనస్ 28 కి దిగితే పది నుంచి ముప్పై నిమిషాల్లో తెరిచి ఉన్న చర్మం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. మన పెద్దవాళ్ళకి నేను మైనస్ 20 దగ్గరే గీత గీస్తున్నాను. అది దాటితే ప్రయాణం మానేసి హాల్లోనే ఉందాం. ముందు రోజు సాయంత్రం ఏడింటికి నిర్ణయం. ఆ తర్వాత వాదనలు వద్దని నా మనవి.

బొబ్బిలి బావ: ప్లాను బాగుంది బావా. అంత దూరం వెళ్ళి జాన్‌స్టన్ కాన్యన్ లోయ చూపించకపోతే ఎలా? జలపాతం జలపాతంలా గడ్డకట్టి ఉంటుంది. ఇంకోటి, మా ఇంటి వెనక చెరువు గట్టిగానే ఉంది, శనివారం పిల్లలకి అక్కడ స్కేటింగ్ నేర్పుదామా?

నేను: బావా, కాన్యన్ కుర్రాళ్ళు వేరే రోజు వెళ్ళండి, నేనూ వస్తాను. కింది జలపాతానికే కిలోమీటరు పైన నడక, శీతాకాలం ఆ దారి గాజులా ఉంటుంది. బూట్లకి ఇనప ముళ్ళ పట్టీలు కట్టుకున్నా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. చెరువు మాత్రం వద్దే వద్దు. ఒక మనిషి నడవడానికే 15 సెంటీమీటర్ల మంచి ఐసు ఉండాలి, పది మంది స్కేటింగ్ చేయాలంటే 20 ఉండాలి. అది కూడా స్వచ్ఛమైన నీలం ఐసు అయితేనే. మంచు కలిసి తెల్లగా గట్టిపడిన దాని బలం సగమే. బూడిద రంగులో ఉంటే కాలే పెట్టకూడదు. పైగా మన దగ్గర కొండల మీంచి దిగే వెచ్చటి షినూక్ గాలి ఒక్కటి వీస్తే చాలు, ఒక్క రోజులోనే మంచు కరిగి నీళ్ళవుతుంది. నిన్న గట్టిగా ఉన్నది ఇవాళ ఉంటుందని ఎవరు చెప్పగలరు? సిటీవాళ్ళు చూసి తెరిచిన రింకు మీదే నేర్పుదాం.

రాజాం వదిన: మా అత్తగారు చీర తప్ప కట్టరు. ప్యాంటు మాట ఎత్తితే ప్రయాణమే మానేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

నేను: వదినా, మొన్న మా అమ్మతో ఈ సంగతే గంటసేపు మాట్లాడాను. పొద్దున్న దండం, పరమాన్నం అయ్యేదాకా పట్టుచీరలోనే ఉండొచ్చు, ఆ పది నిమిషాలకి లోపల థర్మల్స్, పైన పొడుగు కోటు వేస్తే సరిపోతుంది. బస్సెక్కే ముందు మార్చుకోవడానికి ఆడవాళ్ళకి విడిగా గది ఉంచుదాం. నూలు చీర అంచు మంచులో తడిస్తే ఆ తడి కాళ్ళని పట్టుకుంటుంది. నూలు బనీన్లకీ ఇదే మాట, చెమటని పట్టి ఉంచి వంటికి చలి ఎక్కిస్తాయి. ఒంటికి ఆనుకుని ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ, దాని మీద ఫ్లీసు, ఆ పైన గాలి చొరని కోటు. మెట్టెలు తీయమని ఎవరినీ అడగొద్దు. వాటి మీద ఒక్క జత మందపాటి ఉన్ని మేజోళ్ళు, వేళ్ళు కదిపేంత చోటున్న బూట్లు చాలు. రెండు జతలు బిగించి తొడిగితే రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి.

ఇక్కడ చాలామంది ఉద్దానం కొబ్బరినూనె సీసాలు సర్దుతున్నారు, ముఖానికి రాసుకుంటే చలి అంటదని. 24 డిగ్రీలకే పేరుకునే నూనె అది. చర్మం పగలకుండా ఇంట్లో రాసుకోవడానికి బాగుంటుంది, బయట చలిని ఆపదు. మంకీ క్యాప్‌లు మాత్రం ఎన్నైనా తెమ్మంటున్నాను. చెవులు, బుగ్గలు, గడ్డం అన్నీ కప్పే టోపీ మనవాళ్ళకి అలవాటైనదే. జిల్లేడాకులు, చిక్కుడాకులు పెట్టెల్లో పెట్టొద్దని గట్టిగా చెప్పాను. ఆకులు, విత్తనాలు, మట్టి కస్టమ్స్ దగ్గర అడ్డం పడతాయి.

పలాస చెల్లి: అన్నయ్యా, పిల్లల ట్యూబింగ్, అదే గాలి ట్యూబు మీద కూర్చుని మంచులో జారే ఆట, నేను చూసుకుంటాను. ఒక్కొక్కరికి రెండు జతల మిట్టెన్స్ (వేళ్ళన్నీ కలిపి కప్పే గ్లౌజులు) ఉండాలి, మొదటి జత పావుగంటలో తడిసిపోతుంది. మా మావయ్యగారికి షుగర్, పక్కింటి బాబాయిగారికి కిడ్నీ సమస్య. వాళ్ళ సంగతి?

నేను: ముందే అడిగావు, మంచిదమ్మా. షుగర్ ఎన్నేళ్ళుగానో ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు, చలి తగిలినా తెలియదు. అందుకే బాగుందా అని అడిగి వదిలేయొద్దు. లోపలికి వచ్చిన ప్రతిసారీ మేజోడు తీసి వేళ్ళు చూడాలి. మొద్దుబారిన కాళ్ళని హీటరు ముందు పెట్టొద్దు, కాలినా తెలియదు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, బస్సులో బ్యాగులో వదిలేయకుండా కోటు లోపలి జేబులో ఉంచాలి. ఫోను కూడా అక్కడే, చలికి బ్యాటరీ టక్కున పడిపోతుంది. బాబాయిగారు నీళ్ళు ఎంత తాగాలో వాళ్ళ డాక్టరు చెప్పిన లెక్కే. మిగతావాళ్ళు మాత్రం బాత్రూమ్ ఎక్కడుంటుందో అని భయపడి నీళ్ళు మానేస్తారు. దారిలో రెండు చోట్ల ఆగుతామని ముందే చెప్పేద్దాం. ఫ్లాస్కుల్లో వేడి రాగి అంబలి, అల్లం టీ.

తిరుగు ప్రయాణంలో బాన్ఫ్ వేడి ఊటల దగ్గర ఆగుదామని నా కోరిక. 1885లో అక్కడి కొండ వేడి ఊటల చుట్టూ నేల కేటాయించడంతోనే కెనడా మొదటి నేషనల్ పార్కుకి పునాది పడింది. పై కొలను నీళ్ళు 37 నుంచి 40 డిగ్రీలు ఉంటాయి, చుట్టూ మంచు కురుస్తూ ఉంటుంది. బీపీ, గుండె మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడిగాకే దిగాలి. మిగతావాళ్ళు గట్టున కూర్చుని చూసినా బాగుంటుంది.

టెక్కలి అన్న: బస్సు పని నాకు వదిలెయ్ తమ్ముడూ. డ్రైవరు పక్క సీట్లోనే కూర్చుంటాను. బస్సు వచ్చి తలుపు తెరిచాకే పెద్దవాళ్ళని లోపలి నుంచి బయటికి తెండి. ఒక్కొక్కరికి ఒక వాలంటీరు, పదకొండు పేర్లూ రాసి పంపు.

నేను: అన్నా, పేర్లు రేపు పంపుతాను. వంట రాజాం వదిన, పిల్లలు పలాస చెల్లి, బూట్ల ముళ్ళ పట్టీలు అద్దెకి తేవడం బొబ్బిలి బావ. నల్లద్దాలు అందరికీ కావాలి, మంచు మీద ఎండ కళ్ళకి గుచ్చుకుంటుంది. అవి నేను ఇక్కడే కొంటున్నాను. మా అమ్మ పక్కన నేనే ఉంటాను. నిన్న సాయంత్రం బజారులో తనకి గోధుమరంగు మంకీ క్యాప్ కొన్నాం. ఇంటికొచ్చి అద్దం ముందు పెట్టుకుని, చెవుల మీదికి రెండు చేతులతో లాక్కుని, "ఇలాగేనా?" అని అడిగింది.