ఇంటర్ ఎంపీసీ తర్వాత ఏటీసీ: డిగ్రీ చదవాలా, నేరుగా ట్రైనింగా?

ప్రశ్న: మా తమ్ముడు ఇంటర్ రాశాడు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ (ఏటీసీ, విమానాల రాకపోకలకు దారి చూపే అధికారి) అవ్వాలని పట్టుదల. డిగ్రీ లేకుండా ట్రైనింగ్‌కి తీసుకుంటారా?

జవాబు 1: మన దేశంలో ఆ దారి లేదండి. ఏటీసీలను తీసుకునే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ ఉన్న మూడేళ్ళ రెగ్యులర్ బీఎస్సీ కావాలి. లేదా ఏ బ్రాంచి బీటెకైనా సరే, ఏదో ఒక సెమిస్టర్‌లో ఆ రెండూ చదివి ఉండాలి. వయసు 27 లోపు. ఓబీసీకి 3, ఎస్సీ, ఎస్టీలకు 5 ఏళ్ళ సడలింపు. "ఇంటర్‌తోనే ఏటీసీ" అని ఫీజు అడిగే సంస్థలకు దయచేసి పైసా కట్టకండి.

జవాబు 2: బీఎస్సీ అయితే గ్రూపు జాగ్రత్త. ఆంధ్రాలో 2023లో సింగిల్ మేజర్ (ఒకటే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. ఫిజిక్స్ మేజర్ తీసుకుని మ్యాథ్స్ వదిలేస్తే అర్హత పోతుంది. నా ఓటు బీటెక్‌కే. నోటిఫికేషన్ ఏటా రాదు, చేతిలో ఇంకో దారి ఉండాలి. మార్కుల మెమోలో "ఫిజిక్స్" అన్న మాట కనబడాలి, లేకపోతే వెరిఫికేషన్‌లో సిలబస్ చూపించాల్సి రావచ్చు.

జవాబు 3: రాత పరీక్షలో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, నెగెటివ్ మార్కుల్లేవు. సగం ఫిజిక్స్, మ్యాథ్సే. తర్వాత వాయిస్ టెస్ట్, మానసిక పరీక్ష, మెడికల్. రంగులు గుర్తించే చూపు ఇప్పుడే కంటి డాక్టరుకి చూపించండి. అన్నీ నెగ్గాక అక్కడ ఆగిపోవడం చాలా బాధాకరం. ఎంపికయ్యాక 7 లక్షల బాండు, ట్రైనింగ్ తర్వాత మూడేళ్ళు పనిచేయాలి.