డ్యాష్‌క్యామ్ వైరు బయటికి కనబడకుండా ఎలా?

బెంగళూరులో సిల్క్ బోర్డ్ దగ్గర రోజూ ఎవరో ఒకరు అడ్డంగా దూరిపోతున్నారని డ్యాష్‌క్యామ్ (కారు ముందు అద్దం దగ్గర పెట్టే రికార్డింగ్ కెమెరా) కొన్నాను. వైరు ఎలా దాచాలి? షాపువాళ్లు కారు వైరింగ్ కోసి కలుపుతామంటే టెన్షన్‌గా ఉంది.

> అస్సలు కొయ్యనివ్వకండి, వారంటీ గొడవ. రూఫ్ లైనింగ్ అంచులోకి వేలితో నొక్కితే వైరు లోపలికి పోతుంది, అక్కణ్ణుంచి ముందు అద్దం పక్క పిల్లర్, డోర్ రబ్బరు కిందుగా ఫ్యూజ్ బాక్స్ దాకా తీసుకెళ్లి ఫ్యూజ్ ట్యాప్ (వైరు కొయ్యకుండా ఫ్యూజ్ దగ్గర్నుంచే కరెంటు తీసుకునే చిన్న కనెక్టర్) పెట్టించండి.

> పిల్లర్‌లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాత్రం వైరు దాని వెనకనుంచే పోవాలండీ. ముందునుంచి లాగితే బ్యాగ్ తెరుచుకునేటప్పుడు అడ్డం పడుతుంది, ప్రాణాలతో పని. దగ్గరుండి చూసుకోండి.

> పార్కింగ్ రికార్డింగ్ కావాలంటే హార్డ్‌వైర్ కిట్ తీసుకోండి. 12 వోల్టులను 5కి దించుతుంది, బ్యాటరీ తగ్గితే తనే ఆపేస్తుంది.