డిప్రెషన్ టాబ్లెట్ల గురించి ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పారు?

ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ మొదలుపెట్టి 7 వారాలైందండి. మొదట్లో కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, ఇక నావల్ల కాదనుకున్నా కానీ డాక్టర్ గారు పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు పడుతుందంటే ఆగాను, ఇప్పుడు పొద్దున్నే మంచం దిగగలుగుతున్నా, అది నాకు చాలా పెద్ద విషయం. అమ్మేమో పిచ్చివాళ్ళు వేసుకునేవి నీకెందుకే, అలవాటైపోతాయి అని ఒకటే ఏడుపు. ఆవిడ కోసం 4 రోజులు మానేస్తే కళ్ళు తిరగడం, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు, మళ్ళీ డాక్టర్ని అడిగి వేసుకుంటున్నా, దాచిపెట్టి. రోజూ బీపీ మాత్ర వేసుకునే మనిషే ఇలా అంటే బాధేస్తోంది. మీ ఇళ్ళల్లో ఏం చెప్తే అర్థం చేసుకున్నారు? డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్తే మారారా? డోసు మెల్లగా తగ్గించుకుని ఆపినవాళ్ళు ఎన్నాళ్ళు పట్టిందో కూడా చెప్పండి ప్లీజ్.