స్విఫ్ట్ డీజిల్‌కి రీమ్యాప్ ముందా, టైర్లూ బ్రేకులూ ముందా?

అమలాపురం డీజిల్:

అందరికీ నమస్కారమండి. బండి 2015 స్విఫ్ట్ వీడీఐ, 75 పీఎస్, 190 ఎన్‌ఎం. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం లాక్ కాకుండా చూసేది) లేని మోడల్. 14 అంగుళాల స్టీల్ రిమ్ములు, 165/80 ఆర్14 టైర్లు. తిరుగుడు ఎక్కువగా అమలాపురం–కాకినాడ 216 హైవే మీద, అప్పుడప్పుడు రావులపాలెం దగ్గర 16 ఎక్కి తణుకు, తాడేపల్లిగూడెం వైపు. మిగతాదంతా కాలువ గట్టు రోడ్లే.

లక్షలోపు పెట్టగలను. అనుకున్నవి: స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజిన్ నడిపే కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చి పవర్ పెంచడం), 16 అంగుళాల అల్లాయ్‌లు, 35 మి.మీ. లోయరింగ్ స్ప్రింగులు, ఫ్రీఫ్లో సైలెన్సర్. లారీని దాటేటప్పుడు 60 నుంచి 100కి పికప్ చాలట్లేదు, మలుపుల్లో బాడీ ఒరిగిపోతోంది. 90 మీద గట్టిగా బ్రేకు తొక్కితే కొంచెం ఎడమకి లాగుతోంది కూడా. ఏది ముందు చేయించమంటారు?

స్పానర్ భీమవరం:

మీరు ఆఖర్న ఒక ముక్కలో రాసిందే అన్నిటికంటే ముందు చూడాలండి. ఎడమకి లాగుతోందంటే ఎడమ చక్రం పట్టినంతగా కుడి చక్రం పట్టట్లేదన్నమాట. అది సరిచేయకుండా పవర్ పెంచే ఆలోచనే వద్దు. 80 నుంచి 100కి వెళ్తే స్పీడు పెరిగేది పాతిక శాతమే గానీ, ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి 56 శాతం పెరుగుతుంది.

మనవైపు దీనికి మామూలు కారణం కాలిపర్ (ప్యాడ్లని డిస్కు మీద అదిమే భాగం) జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు పట్టేయడం. ఉప్పుగాలి, రొయ్యల చెరువుల మధ్య తిరుగుడు, వానాకాలం బురద. పిన్ను మీది రబ్బరు బూటు కాస్త చిరిగినా లోపలంతా తుప్పే. రెండు ముందు చక్రాలూ విప్పించి ప్యాడ్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే చక్రంలో లోపలి ప్యాడు అరిగిపోయి బయటిది మందంగా ఉంటే పిన్ను కదలట్లేదు. బయటికి లాగి ఎమెరీ పేపరుతో తుప్పు తీసి, బ్రేకులకోసం అమ్మే సిలికాన్ గ్రీజే పూయించండి. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు రాస్తామంటే ఒప్పుకోకండి. దానికి రబ్బరు ఉబ్బి, మళ్లీ అక్కడే పట్టేస్తుంది. పిన్ను మీద గుంటలు పడుంటే రుద్దినా లాభంలేదు, కొత్తది వేయించాలి. పిన్నులు బాగుంటే కుడివైపు బ్రేకు హోస్ లోపల వాచి మూసుకుపోయిందేమో చూడాలి, ఆ తర్వాత లోయర్ ఆర్మ్ వెనక బుష్.

ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బ్రేకు ఆయిల్ మొత్తం మార్పించేయండి. డాట్ 4 రకం ఒక లీటరు తీసుకుంటే సరిపోతుంది. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీలు, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలి. తేమ పీల్చాక ఆ హద్దులు 140, 155కి దిగుతాయి. మన గాలిలో తేమ గురించి మీకు చెప్పక్కర్లేదు, రెండేళ్లు దాటనివ్వకండి. ముందు రిజర్వాయర్‌లో నల్లబడ్డది సిరంజితో లాగేసి కొత్తది పోశాకే బ్లీడింగ్ (గొట్టాల్లోని పాత ఆయిల్, గాలి బయటికి పంపడం) మొదలెట్టాలి. మధ్యలో రిజర్వాయర్ ఖాళీ అయితే గాలి దూరి పని రెట్టింపవుతుంది. డాట్ 5 అని రాసున్న డబ్బా ఇస్తే తీసుకోకండి, అది సిలికాన్ జాతి, దీంట్లో కలవదు. డాట్ 5.1 వేరు, అది పర్లేదు.

కొత్త ప్యాడ్లు వేయిస్తే బెడ్డింగ్, అంటే ప్యాడ్లు డిస్కుకి సర్దుకునేలా చేయడం, తప్పనిసరి. తెల్లారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని 60 నుంచి 15 దాకా మోస్తరుగా తొక్కుతూ ఎనిమిది, పది సార్లు. మధ్యలో అర నిమిషం పైన నడవనివ్వాలి. పూర్తిగా ఆపకూడదు. వేడి ప్యాడు ఒక్కచోట అదిమి ఉంటే డిస్కు మీద మచ్చ పడి, తర్వాత పెడల్ అదురుతుంది. అయ్యాక అయిదు, పది నిమిషాలు బ్రేకు వాడకుండా నడిపి చల్లార్చండి. వెనక డ్రమ్ములు తీయించి దుమ్ము దులిపించడం, షూ అడ్జస్ట్ చేయించడం మర్చిపోకండి. చాలా షెడ్లలో వెనక వైపు చెయ్యే పెట్టరు.

పాలకొల్లు పెట్రోల్:

టైర్ల సంగతి నేను చెప్తా. 16 అంగుళాలు వద్దు. మీ కారుకే పై మోడల్ జెడ్‌డీఐకి కంపెనీ ఇచ్చింది 185/65 ఆర్15. చుట్టుకొలత దాదాపు సమానం: మీ 165/80 ఆర్14 వ్యాసం 619.6 మి.మీ., ఇది 621.5. స్పీడోమీటర్‌లో తేడా తెలియదు. కంపెనీ సైజే కాబట్టి చెకింగ్‌లోనూ, ఇన్సూరెన్స్ దగ్గరా నోరు విప్పాల్సిన పని పడదు. 16 లో 195/55 వేస్తే సైడ్‌వాల్ 107 మి.మీ.కి తగ్గుతుంది, ఇప్పుడున్నది 132. గట్టు రోడ్డు మీద తారు అంచు విరిగిన చోట రిమ్ము వంగడానికీ, సైడ్‌వాల్ బుడగ కట్టడానికీ ఒక్క దెబ్బ చాలు.

రిమ్ము కొనేటప్పుడు: నాలుగు బోల్టులు, పీసీడీ (బోల్టులు ఉండే వలయం వ్యాసం) 100 మి.మీ., మధ్య రంధ్రం 54.1 మి.మీ., వెడల్పు 5.5 లేదా 6. మార్కెట్లో దొరికే అల్లాయ్‌లకి రంధ్రం పెద్దగా ఉంటుంది. అప్పుడు 54.1 హబ్ రింగులు వేయించకపోతే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది, బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. టైరు మీద లోడ్ ఇండెక్స్ 88 ఉండాలి, అంటే ఒక్కోటి 560 కిలోలు. తయారీ తేదీ కోసం సైడ్‌వాల్ మీద నాలుగంకెలు వెతకండి: 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాది దాటిన సరుకు తగ్గించి ఇస్తామన్నా వద్దనండి.

చట్టం ప్రకారం టైరు గాడి లోతు 1.6 మి.మీ. దాకా వాడొచ్చు గానీ, మన వానలకి 3 మి.మీ. దగ్గరే మార్చేయాలి. గాలి తక్కువున్నా అంతే ప్రమాదం. నిలిచిన నీటి మీద టైరు తేలే స్పీడుకి నాసా వాళ్ల పాత లెక్కొకటుంది: పీఎస్‌ఐ వర్గమూలాన్ని 16.6తో గుణిస్తే కిలోమీటర్లలో వస్తుంది. 33 ఉంటే 95 దగ్గర, 25కి దిగితే 83కే తేలిపోతుంది. అరిగిన టైరుకి వర్తించే లెక్క ఇది. గాలి ఎప్పుడూ చల్లటి టైరుకే, డోరు పిల్లర్ మీది స్టిక్కర్ ప్రకారం. హైవే మీద పరిగెత్తించి దిగాక చూస్తే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, ఎక్కువైందని తీసేయకండి.

లంకరోడ్డు:

పెట్రోల్ గారితో ఒక్క విషయంలో ఏకీభవించనండి. రిమ్ము 15 సరే, టైరు 195/60 మేలు. వ్యాసం 615, ఆరు మిల్లీమీటర్ల తేడాకి స్పీడోమీటర్‌లో ఒక శాతం. పట్టు మాత్రం తెలుస్తుంది. ఆయన అన్నట్టు కాగితాల గొడవ అసలు వద్దనుకుంటే 185/65.

లోయరింగ్ స్ప్రింగులు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. మీ బండి గ్రౌండ్ క్లియరెన్స్ 170. 35 పోతే 135, నలుగురు ఎక్కితే ఇంకా కిందికి. ఊరికో నాలుగు స్పీడు బ్రేకర్లు, పంట బోదె దాటించడానికి రోడ్డు కోసి పూడ్చిన చోట ఎత్తుపల్లాలు. ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి) తగిలిందంటే స్ప్రింగుల డబ్బుకి నాలుగింతలు వదులుతుంది. పైగా ఇన్నేళ్లు తిరిగిన షాక్ అబ్జార్బర్ మీద గట్టి స్ప్రింగు వేస్తే చక్రం నేలని పట్టుకోదు, గెంతుతుంది.

ఒరిగిపోవడానికి అసలు కారణం అరిగిన సామానే అయ్యుంటుంది. వరసగా చూడండి: స్టెబిలైజర్ లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్, స్ట్రట్ మౌంట్ బేరింగ్, ఆఖర్న షాకులు. షాకులు మారిస్తే జతగా మార్చాలి, ఒక్కటే వేయకూడదు. బుష్‌లు వేసే చోట దగ్గరుండి చూడాల్సింది ఒకటుంది. కారు లిఫ్ట్ మీద వేలాడుతుండగా ఆర్మ్ బోల్టులు పూర్తిగా బిగిస్తే, కిందికి దించగానే బుష్ మెలితిరిగిపోయి ఉంటుంది, నాలుగు నెలల్లో చిరిగిపోతుంది. వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాకే ఆఖరి బిగింపు వేయాలి. తర్వాత అలైన్‌మెంట్. ముందు చక్రాల క్యాంబర్ (నిలువుగా చూస్తే చక్రం వాలు) ఈ బండికి మామూలుగా అడ్జస్ట్ అవదు, రెండు వైపులా అరడిగ్రీకి మించి తేడా చూపిస్తే ఏదో వంగిందన్నమాట. టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం సర్ది పంపించేస్తే ఊరుకోకండి.

ఈసీయూ గూడెం:

ఇక రీమ్యాప్. 75 పీఎస్ బండికి ఫిక్స్‌డ్ జామెట్రీ టర్బో. 90 పీఎస్ మోడల్స్‌కి వచ్చే వీజీటీ (రెక్కల కోణం మారే టర్బో) కాదు. 2,000 ఆర్‌పీఎం లోపు టర్బో అందుకోవడంలో ఆలస్యం మ్యాప్‌తో పోదు, తగ్గుతుందంతే. స్టేజ్ 1లో టార్క్ 20–25 శాతం పెంచుతారు, అంటే 230 పైచిలుకు. అది ముందు తగిలేది క్లచ్‌కి. క్లచ్ బతికుందో లేదో తెలుసుకోవడానికి మనకి ఘాట్ రోడ్లు లేవు గాని, జొన్నాడ వంతెన ఎక్కే చోటు పనికొస్తుంది. వెనక ముందు ఎవరూ లేనప్పుడు 4వ గేరులో 1,800 నుంచి పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి స్పీడు కదలకపోతే క్లచ్ జారుతోంది. మ్యాప్ వేసిన వారానికే కాలిపోతుంది.

మ్యాప్‌కి ముందు చేయాల్సినవి: టర్బో గొట్టాలు పగిలి నూనె చెమ్మ ఉందా, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మసి, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు వదలడం, ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్ (ఒక్కో ఇంజెక్టర్ వెనక్కి వదిలే డీజిల్‌ని ఒక్కో సీసాలో పట్టి చూడడం). నాలుగు సీసాల్లో ఒకటి మిగతావాటికంటే తొందరగా నిండితే ఆ ఇంజెక్టర్ లీకు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లకి మించి గలగల వినిపిస్తే టైమింగ్ చైను సంగతి తేల్చుకోకుండా మ్యాప్ జోలికెళ్లకండి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ లెవెల్ తగ్గితే చైను టెన్షనర్‌కే దెబ్బ.

ట్యూనర్ మీ పాత ఫైలు ముందు చదివి మీకో కాపీ ఇవ్వాలి. మ్యాప్‌కి ముందూ తర్వాతా బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్లే డీజిల్ ఒత్తిడి) రికార్డు చూపించాలి. చూపించనంటే వేరే చోటుకి వెళ్లండి. వేసిన తర్వాత గట్టిగా తొక్కితే నల్లపొగ వస్తోందంటే పవర్ అని మురిసిపోకండి, అది కాలని డీజిల్, టర్బోకి వేడి. వైరుకి తగిలించే ట్యూనింగ్ బాక్సులు అసలొద్దు. రైల్ ప్రెషర్ తక్కువుందని ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) అబద్ధం చెప్పడం తప్ప వాటికింకేం తెలీదు.

ఫ్రీఫ్లో సైలెన్సర్‌తో ఈ డీజిల్‌కి వచ్చేది మోత. క్యాట్ (పొగని శుభ్రం చేసే కన్వర్టర్) పీకేస్తే పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర చిక్కు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసుంది. రీమ్యాప్ బయటికి కనబడదు గానీ క్లెయిమ్ రోజున సర్వేయర్‌కి కనబడొచ్చు. వేయిస్తే ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పండి.

అమలాపురం డీజిల్:

అందరికీ చాలా థాంక్సండి. పిన్నులు, ఆయిల్, బుష్‌లు, 15 అంగుళాల సెట్టు ముందు చేయిస్తా. మరి పికప్ సంగతి? ఏబీఎస్ లేకుండా గట్టు రోడ్డు మలుపుల్లో బ్రేకు ఎలా వాడాలి?

స్పానర్ భీమవరం:

పికప్ సగం గేరులోనే ఉందండి. 5వ గేరులో 60 దగ్గర మీ ఇంజిన్ 1,500 కూడా తిరగదు, టర్బో నిద్రపోతుంటుంది. లారీ వెనక ఉండగానే 3లోకి దింపి, 2,000 పైన పెట్టుకుని, ఎదురు ఖాళీ కనబడ్డాకే బయటికి రండి. 4వ గేరుకి మారడం లారీ దాటాకే. ఇది చేసి చూశాక కూడా రీమ్యాప్ కావాలనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం.

బ్రేకింగ్ అంతా స్టీరింగ్ తిన్నగా ఉండగానే అయిపోవాలి. మలుపులోకి తిరిగేసరికి పెడల్ వదిలేసే స్థితికి రావాలి. చక్రం లాక్ అయిందంటే స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తిన్నగా కాలువలోకే పోతుంది. టైరు కీచుమని స్టీరింగ్ తేలికైపోతే కాలు పూర్తిగా తీసేయకుండా కొంచెం వదిలి, చక్రం తిరగనిచ్చి, మళ్లీ అదమాలి. ఎడమ చక్రాలు మార్జిన్ దిగిపోతే కంగారుపడి కుడికి లాగకండి. టైరు తారు అంచు ఎక్కిన మరుక్షణం బండి అడ్డం తిరిగి ఎదురు వరసలోకి పోతుంది. యాక్సిలరేటర్ వదిలి, తిన్నగా పట్టుకుని, 30 లోపుకి వచ్చాక అంచు తక్కువున్న చోట ఎక్కించండి.

లంకరోడ్డు:

రోడ్డు చదవడం కూడా కలపండి. రొయ్యల వ్యాన్లు, చేపల లారీలు వెళ్లిన దారిలో ఐసు నీళ్లు కారి నడిమధ్య నల్లటి చార కనబడుతుంది. అది ఆరినట్టున్నా జిగటే, బ్రేకు వేసేటప్పుడు చక్రాలు దాని మీద లేకుండా చూసుకోండి. దమ్ముల కాలంలో పొలం గట్టు నుంచి ట్రాక్టరు ఎక్కిన చోట బంకమట్టి పెళ్లలు, తొలి చినుకు పడితే సబ్బే. సార్వా, దాళ్వా కోతలప్పుడు రాత్రి ఇంకా జాగ్రత్త. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం చుట్టూ రాళ్లు పేరుస్తారు, డిమ్ లైట్లో అవి కనబడే దూరంలో 70 మీద బండి ఆగదు.

లిమిట్‌లో బండి ఎలా ప్రవర్తిస్తుందో నేర్చుకోవాలంటే ట్రాకే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉన్నాయి. ట్రాక్ డే ప్రకటన చూసుకుని వెళ్లండి. వెళ్లేముందు ఇన్సూరెన్స్ పాలసీ చదవండి, మామూలు పాలసీ ట్రాక్ మీద చెల్లదు.

అమలాపురం డీజిల్:

సరేనండి. అల్లాయ్‌లకి నట్లు పాతవే సరిపోతాయా?

పాలకొల్లు పెట్రోల్:

దారం 12 × 1.25, పాతవీ అదే. కానీ రిమ్ములో నట్టు కూర్చునే చోటు కోన్ ఆకారమా, గుండ్రమా చూసుకుని దానికి సరిపోయినవే వాడాలి. ఇంపాక్ట్ గన్‌తో ఆఖరి బిగింపు వేయనివ్వకండి. టార్క్ రెంచ్‌తో, కారు పుస్తకంలో ఉన్న అంకెకి, ఎదురెదురుగా బిగించాలి. కొత్త అల్లాయ్ కాస్త సర్దుకుంటుంది కాబట్టి వంద కిలోమీటర్లు తిరిగాక చల్లటి చక్రం మీద మళ్లీ ఒకసారి రెంచ్ పెట్టి చూడండి.