భుజకీర్తులు బీటలు వారుతున్నాయి, ఫోమ్‌ని ఎలా బాగుచేయాలి?

గదాధారి:
పౌరాణిక నాటకాల్లో భీముడి వేషం వేస్తాను. అట్టతో చేసిన పాత భుజకీర్తులు బరువుగా ఉన్నాయని 6 ఎంఎం ఈవీఏ ఫోమ్‌తో (రబ్బరులా వంగే తేలికపాటి షీటు) కొత్తవి చేయించాం. పైన గోల్డ్ ఎనామెల్ వేశారు. గద ఎత్తినప్పుడల్లా భుజం దగ్గర వంగి బీటలు వారుతున్నాయి. ఒకచోట చీలింది కూడా. శివరాత్రికి ఆట ఉంది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

కిరీటం_పని:
గదాధారి గారూ, ముందు బీట మీద గోరుతో గీకి చూడండి. రంగు పెళ్లలుగా లేచి, కింద ఫోమ్ నున్నగా ఉంటే పగిలింది రంగే. ఎనామెల్ ఎండితే గట్టిపడుతుంది, ఫోమేమో వంగుతూనే ఉంటుంది. ఆ రెండింటికీ పొసగదు. లేచిన రంగంతా తీసేయండి. దాని మీదే ఇంకో కోటు వేస్తే అదీ పగులుతుంది.

చీలిన చోట అంచులు విప్పి, దుమ్ము తుడిచి, రెండు వైపులా ఎస్‌ఆర్ గమ్ (సింథటిక్ రబ్బరు జిగురు) పలచగా రాయండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. వెంటనే అతికించకూడదు. తాకితే జిగురుగా ఉండాలి కానీ వేలికి రాకూడదు. అప్పుడు అంచులు సరిచూసుకుని గట్టిగా నొక్కండి, ఒకసారి పట్టుకుంటే ఇక జరగదు. ఘాటు వాసన, పైగా మండే సరుకు. వరండాలో, పొయ్యికి దూరంగా పెట్టుకుని చేయండి. వెనకవైపు అదే గమ్‌తో పలచటి నూలుగుడ్డ ముక్క అతికిస్తే అతుకు మీద లాగుడు తగ్గుతుంది. ముందువైపు మిగిలిన గాడిలో అక్రిలిక్ సీలెంట్ నింపి తడివేలితో నునుపు చేయండి. సిలికాన్ మాత్రం వద్దు, దాని మీద రంగు నిలవదు.

శకుని_వేషం:
అన్నా, మా కిరీటం థర్మోకోల్‌ది. దానికీ ఎస్‌ఆరేనా?

కిరీటం_పని:
వద్దు తమ్ముడూ, థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. తెల్ల ఫెవికాల్, పైన కాగితం పొరలు చాలు.

గదాధారి:
చాలా థాంక్స్ అండీ. కొత్త జత చేయిస్తే ఏం జాగ్రత్త తీసుకోవాలి?

కిరీటం_పని:
రంగు వేయకముందే వేడి గాలి కొట్టే హీట్ గన్‌తో ఫోమ్‌ని వేడి చేయించండి. పైపొర మూసుకుని కాస్త మెరుపొస్తుంది. ఆ వేడి మీదే మీ భుజం వంపుకి వంచి, చల్లారేదాకా పట్టుకుంటే ఆకారం నిలుస్తుంది. తర్వాత నీళ్లు కలిపిన ఫెవికాల్ పలచటి పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి. ఆపైన అక్రిలిక్ గోల్డ్, అదీ పలచగానే. ఆట అయ్యాక వ్యాన్ టాప్ మీద ఎండలో పడేయనివ్వకండి, వేడికి అతుకులు విడిపోతాయి.